ఐదుగురు ఒకవైపు, ఒక్కరు ఒకవైపు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో నీతిశాస్త్రంలోని రెండు ప్రధాన మార్గాలను క్లుప్తంగా పరిచయం చేశాను. ఒక పని వల్ల దాని ప్రభావానికి లోనయ్యే వారందరికీ కలిగే సుఖదుఃఖాల మొత్తమే ఆ పని మంచిచెడ్డలను నిర్ణయిస్తుందనేది ఉపయోగితావాదం. ఫలితం ఎంత మేలైనదైనా సరే, సాటి మనిషి పట్ల చేయకూడని పనులు కొన్ని ఉంటాయనీ, చేసి తీరవలసినవి కొన్ని ఉంటాయనీ చెప్పేది కర్తవ్యవాదం. ఆ పరిచయం చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. రెండో ఉత్తరానికి మిగిలిన వాటికంటే ఎక్కువ చోటు కేటాయించాను. అది పరీక్ష కోసమో వాదన కోసమో అడిగిన ప్రశ్న కాదు.

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థులకు తత్వశాస్త్రం బోధిస్తాను. అదుపు తప్పిన ట్రామ్ బండి ఉదాహరణ చెప్పి తరగతిలో చేతులెత్తమన్నాను. మీట లాగి బండిని పక్క పట్టాల మీదికి మళ్లిస్తే ఐదుగురు బతుకుతారు, అక్కడున్న ఒక్కరు చనిపోతారు అంటే, దాదాపు అందరూ లాగుతామన్నారు. వంతెన మీద నిలబడిన ఒక భారీకాయుణ్ణి కిందికి తోస్తే అతని శరీరం అడ్డుపడి బండి ఆగుతుంది, ఐదుగురు బతుకుతారు అంటే, తోస్తామన్నవారు ఇద్దరే. వాళ్ల ఆలోచనలో పొంతన లేదని చెప్పి పాఠం ముగించాను. నేను చెప్పింది సరైనదేనా?

జవాబు: సరైనది కాదని నా అభిప్రాయం. పొంతన లేదని తేల్చే ముందు ఆ ఉదాహరణ ఏ పని మీద పుట్టిందో గుర్తు చేసుకోవాలి. 1967లో బ్రిటిష్ తత్వవేత్త ఫిలిప్పా ఫుట్ ట్రామ్ నడిపే మనిషిని చర్చలోకి తెచ్చినప్పుడు అతనికి జతగా ఒక న్యాయాధికారిని కూడా తెచ్చారు. ఒక నేరానికి దోషిని చూపించకపోతే తమ చేతిలో ఉన్న ఐదుగురు బందీలను చంపుతామని మూక బెదిరిస్తోంది; నిర్దోషి ఒకణ్ణి దోషిగా చూపి ఉరితీయిస్తే ఐదుగురూ బతుకుతారు. రెండుచోట్లా లెక్క ఐదుకు ఒకటే. అయినా బండి మళ్లించడాన్ని ఒప్పుకునే మనస్సు ఆ ఉరిని ఎందుకు ఒప్పుకోదన్నదే ఆమె ప్రశ్న. వంతెన మీది మనిషిని ఆ తర్వాత అమెరికన్ తత్వవేత్త జూడిత్ జార్విస్ థామ్సన్ చేర్చారు. అంటే మీ విద్యార్థులు ఇచ్చిన రెండు రకాల జవాబులే ఆ ఉదాహరణకు ముడిసరుకు; వాటిని తప్పు కింద కొట్టివేస్తే విచారించడానికి ఏమీ మిగలదు.

ఆ రెండు సందర్భాలకూ తేడా ఉందా లేదా అని చూడటానికి ఒక చిన్న పరీక్ష ఉంది. చనిపోబోయే ఆ ఒక్క మనిషి అసలు అక్కడ లేడనుకోండి. మీట లాగాలనుకున్నవాడి పథకానికి ఏ లోటూ రాదు. బండి ఖాళీ పట్టాల మీదికి వెళ్లిపోతుంది, అతను ఊపిరి పీల్చుకుంటాడు. వంతెన మీదివాడి పథకం మాత్రం పూర్తిగా కూలిపోతుంది, ఎందుకంటే బండిని ఆపే పరికరం ఆ మనిషి శరీరమే. మనిషిని ఎప్పుడూ కేవలం సాధనంగా వాడుకోవద్దు, అతన్ని స్వయంగా ఒక లక్ష్యంగా కూడా చూడు అని కర్తవ్యవాదులలో ముఖ్యుడైన జర్మన్ తత్వవేత్త ఇమాన్యుయేల్ కాంట్ 1785లో రాసినదానికి ఇంతకంటే స్పష్టమైన చిత్రం దొరకదు. మీ విద్యార్థులు కాంట్‌ను చదవకుండానే ఆ తేడాను పసిగట్టారు.

అంతమాత్రాన చిక్కు విడిపోయిందని నేను అనను. థామ్సన్ 1985లో ఇంకో మెలిక పెట్టారు. పక్క పట్టాలు చుట్టూ తిరిగి మళ్లీ ఐదుగురి వైపే వస్తాయి, మధ్యలో ఉన్న ఒక్క మనిషి శరీరానికి తగిలి ఆగితేనే బండి ఆగుతుంది. ఇక్కడ ఆ మనిషి సాధనమే అవుతున్నాడు, అయినా మీట లాగవచ్చనే చాలామందికి అనిపిస్తుంది. అప్పుడు నా చిన్న పరీక్ష సరిపోదు. ఆ థామ్సన్ గారే 2008లో తన పాత అభిప్రాయం మార్చుకుని, దారిన పోయేవాడు మొదటి సందర్భంలో కూడా మీట లాగకూడదని వాదించారు. తన ప్రాణం ఇవ్వడానికి సిద్ధంగా లేనివాడు పరాయి మనిషి ప్రాణాన్ని ఆ ఐదుగురికి ధారపోయడానికి అధికారం ఎక్కడిదని ఆమె అడిగారు. ముప్పై ఏళ్లకు పైగా ఒకే ప్రశ్నను వెంటాడిన మనిషి చివరికి తన నిర్ణయాన్నే తిరగదోడారంటే, ఇరవై ఏళ్ల పిల్లలు తడబడటం తప్పు కాదు.

ఉపయోగితావాది వైపు నుంచి వచ్చే బలమైన సవాలును కూడా తరగతిలో చెప్పండి. 2001లో మనస్తత్వ పరిశోధకుడు జాషువా గ్రీన్, ఆయన సహచరులు మెదడు చిత్రణ ద్వారా, వంతెన వంటి సందర్భాల గురించి ఆలోచించేటప్పుడు భావోద్వేగాలతో ముడిపడిన భాగాలు ఎక్కువగా పనిచేస్తున్నాయని చూపించారు. చేత్తో తోయాలంటే కలిగే జంకునే మనం నీతి అనుకుంటున్నామనీ, ఆ జంకును పక్కన పెడితే లెక్కే మిగులుతుందనీ దాన్నిబట్టి వాదించవచ్చు. నాకు ఆ వాదన చాలదు. ఒక నిర్ణయం మెదడులో ఎక్కడ పుట్టిందన్నది అది సరైనదో కాదో చెప్పదు. లెక్క వేయడం కూడా మెదడులో ఎక్కడో ఒకచోటే పుడుతుంది. ఈసారి చేతులెత్తించడానికి బదులు ఇలా అడిగి చూడండి: వంతెన కింద ఉన్నది ఐదుగురు కాక ఐదువేల మంది అయితే తోస్తారా? ఏ అంకె దగ్గర మనస్సు మారుతుంది, ఆ అంకె దగ్గరే ఎందుకు? ఏ అంకె దగ్గరా మారదన్నవారికీ, రెండో మనిషి దగ్గరే మారుతుందన్నవారికీ మధ్య మిగిలిన గంట గడిచిపోతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి నయం కాని జబ్బు వచ్చిందని డాక్టర్లు నాకూ తమ్ముడికీ చెప్పారు. ఆయనకు చెప్పొద్దని మేమే అడిగాం. కడుపులో పుండు, మందులతో తగ్గిపోతుందని నాలుగు నెలలు నమ్మించాం. ఒక రాత్రి నా చెయ్యి పట్టుకుని "నిజం చెప్పమ్మా, ఇది తగ్గేదేనా?" అని అడిగారు. "తగ్గిపోతుంది నాన్నా, మీరు భయపడకండి" అన్నాను. ఆ తర్వాత ఇరవై రోజులకు పోయారు. ఆయన నోటుపుస్తకంలో, ఆరోగ్యం కుదుటపడ్డాక చేయాల్సిన పనులని ఒక పేజీ రాసుకున్నారు. అందులో మొదటిది, పదేళ్లుగా మాటలు లేని బాబాయిని వెళ్లి కలవడం. మీరు రాసిన రెండు సిద్ధాంతాలలో నేను చేసింది ఏదైనా సరైనదని చెబుతుందా?

జవాబు: అమ్మా, మీరు అడిగినది సిద్ధాంతాల గురించి కాబట్టి ముందు వాటి గురించే చెబుతాను. కానీ జవాబు మీకోసమని మరిచిపోను.

అబద్ధం గురించి ఈ రెండు మార్గాలూ ఎక్కడ విడిపోతాయో చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. ఉపయోగితావాదాన్ని వివరిస్తూ జాన్ స్టూవర్ట్ మిల్ 1861లో, నిజం చెప్పడమనే నియమం ఎంత పవిత్రమైనదైనా దానికి మినహాయింపులు ఉన్నాయని ఒప్పుకుని, రెండే రెండు ఉదాహరణలు ఇచ్చాడు. దుర్మార్గుడికి సమాచారం అందకుండా చేయడం ఒకటి. ప్రమాదకరమైన జబ్బుతో ఉన్న మనిషికి చెడువార్త తెలియకుండా చూడటం రెండోది. అంతకు ముందే 1797లో కాంట్, హంతకుడు తలుపు తట్టి నీ స్నేహితుడు ఇంట్లో దాక్కున్నాడా అని అడిగినా సరే అబద్ధమాడే హక్కు నీకు లేదని రాశాడు. పైకి చూస్తే మిల్ మిమ్మల్ని విడిచిపెట్టినట్లూ, కాంట్ మిమ్మల్ని బోనులో నిలబెట్టినట్లూ కనిపిస్తుంది. దగ్గరగా చదివితే అలా లేదు.

మిల్ ఆ మినహాయింపుకు షరతులు పెట్టాడు. దాచడం వల్ల ఆ మనిషికి పెద్ద కీడు, అది కూడా అతనికి తగని కీడు తప్పాలి. అబద్ధమాడితే తప్ప దాచడం సాధ్యం కాకూడదు. అటువంటి సందర్భాల హద్దులు ఎక్కడో స్పష్టంగా గుర్తించాలి, ఎందుకంటే ప్రతి అబద్ధమూ మనుషుల మాట మీద ఉండే నమ్మకాన్ని కొంచెం తినేస్తుంది. ఇప్పుడు ఆ లెక్కను నిజాయితీగా వేయండి. మీరు తప్పించినది నాలుగు నెలల మరణభయం. అది చిన్నది కాదు. కానీ నాన్నగారికి జరిగిన నష్టం జాబితాలో ఆ నోటుపుస్తకం పేజీ కూడా ఉంది. అంతేకాక, ఆ రాత్రి ఆయన అడిగిన తీరు చూస్తే ఆయనకు అనుమానం లేదని చెప్పలేం; అనుమానం ఉన్న మనిషికి అబద్ధం భయాన్ని తీసివేయదు, దాన్ని పంచుకునే తోడును మాత్రం తీసివేస్తుంది. కాబట్టి ఉపయోగితావాదం మీకు అనుకూలంగా తీర్పు చెబుతుందని అనుకోవద్దు. కరుణ కలిగినవాళ్లు లెక్కలో తరచుగా మరిచిపోయేది, ఎదుటి మనిషి తన మిగిలిన కాలంతో ఏం చేసుకుని ఉండేవాడన్నది.

కాంట్ వైపు చూద్దాం. ఆయన కూడా అన్నీ చెప్పి తీరాలనలేదు. అడగని విషయం చెప్పకుండా ఉండటం వేరు, అడిగినప్పుడు నిజం కానిది చెప్పడం వేరు. మొదటిది మౌనం, అందులో ఎదుటివాడికి అడిగే అవకాశం మిగిలే ఉంటుంది. రెండోది ఆ అవకాశాన్ని మూసివేస్తుంది. తన జీవితంలో ఇక ఏం చేయాలో నిర్ణయించుకోవడానికి కావలసినది ఆయన మిమ్మల్ని అడిగారు. మీరు ఆ నిర్ణయాన్ని ఆయన తరఫున తీసుకున్నారు. ప్రేమతోనే తీసుకున్నారు. అయినా తీసుకున్నారు. కర్తవ్యవాదికి ఇందులో నొప్పించేది అబద్ధమనే మాటకంటే ఎక్కువగా ఇదే. ఒకవేళ ఆయన ముందే, ఏదైనా పెద్ద జబ్బయితే నాకు చెప్పొద్దమ్మా అని ఉంటే, మీ మౌనం ఆయన ఇష్టాన్ని పాటించడమే అయ్యేది. తెలుసుకునే హక్కులో, వద్దనుకునే హక్కు కూడా ఉంది.

ఈ విషయంలో వైద్యుల ఆలోచన ఎంత మారిందో తెలిస్తే, మీరు ఒంటరిగా తప్పటడుగు వేయలేదని అర్థమవుతుంది. అమెరికాలో 1961లో ప్రచురించిన ఒక సర్వేలో, క్యాన్సర్ రోగికి ఆ సంగతి చెప్పకపోవడమే మేలని 90 శాతం వైద్యులు అన్నారు. అదే ప్రశ్నావళిని మళ్లీ ఇచ్చి 1979లో ప్రచురించిన అధ్యయనంలో, చెప్పడమే మేలని 97 శాతం అన్నారు. పద్దెనిమిదేళ్లలో ఒక వృత్తి మొత్తం తలకిందులైంది. ఇందులో రెండు సిద్ధాంతాల పాత్రా ఉందని నేననుకుంటాను. చికిత్సలు మెరుగుపడటంతో నిజం చెప్పడం వల్ల ఒరిగే మేలు పెరిగింది. రోగి తన శరీరం గురించి తానే నిర్ణయించుకోవాలన్న భావనా అదే కాలంలో బలపడింది. మొదటి పాత సర్వేలో జవాబిచ్చిన వైద్యులు కఠినులు కారు. మీలాగే, బాధ తప్పించాలనుకున్నారు.

ఇక మీ ప్రశ్నకు. ఆయన అడగక ముందు మీరు దాచినదాన్ని రెండు మార్గాలలోనూ సమర్థించవచ్చు, అది కూడా ఆయనకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో ఎవరైనా మెల్లగా కనుక్కుని ఉంటే. ఆయన అడిగిన తర్వాత ఇచ్చిన జవాబు తప్పని నేను అనుకుంటున్నాను. మీరు ఏ తప్పూ చేయలేదని చెప్పి పంపించడం నాకు తేలిక. కానీ మీరు నన్ను నిజం అడిగారు, నేను మిమ్మల్ని ఊరడించడానికి ఇంకేదో చెబితే, మీరు నాన్నగారికి చేసినదే నేను మీకు చేసినట్లు అవుతుంది.

తప్పు వేరు, తప్పు చేసిన మనిషి విలువ వేరు. ఇది ఓదార్పు కోసం అన్న మాట కాదు. మిల్ దీన్ని సూటిగా రాశాడు. ఒక పని మంచిదా చెడ్డదా అన్నదానికి దాన్ని చేయించిన ప్రేరణతో సంబంధం లేదు, ఆ పని చేసిన మనిషి ఎలాంటివాడన్నదానికి మాత్రం చాలా సంబంధం ఉందని ఆయన అభిప్రాయం. 1930లో డబ్ల్యూ. డి. రాస్ ఇంకొక అడుగు వేశాడు. ఆయన కర్తవ్యవాదే అయినా కాంట్ లాగా ఒక్క సూత్రం మీద నిలబడలేదు. మాట నిలబెట్టుకోవడం (నిజం చెప్పడం కూడా ఇందులోదే), చేసిన హానిని సరిదిద్దడం, కృతజ్ఞత, న్యాయం, ఇతరులకు మేలు చేయడం, తనను తాను తీర్చిదిద్దుకోవడం, ఎవరికీ కీడు చేయకపోవడం అని ఏడు రకాల కర్తవ్యాలు చెప్పి, ఇవి ఒకదానితో ఒకటి ఢీకొన్నప్పుడు ఏది బరువైనదో ఆ సందర్భంలో చూసి తేల్చుకోవలసిందేనన్నాడు. మీకు ఆ రాత్రి ఢీకొన్నవి రెండు: నిజం, కీడు చేయకపోవడం. వెనక్కి తగ్గిన కర్తవ్యం మాయమైపోదని రాస్ చెప్పిన మాటను మీరు గట్టిగా పట్టుకోవాలి. అది మనస్సులో కలుక్కుమంటూనే ఉంటుంది, ఏదో ఒక రూపంలో తీర్చుకోమని అడుగుతుంది. మీరు నాకు ఉత్తరం రాయడానికి కారణం అదేనని అనుకుంటున్నాను. నాన్నగారికి ఇక నిజం చెప్పలేరు. బాబాయిగారు ఉన్నారు. ఆ పేజీ తీసుకెళ్లి ఆయనకు చూపించండి, మీరు దాచిన సంగతి కూడా దాచకుండా చెప్పండి.

ప్రశ్న: నియమాలు పాటిస్తేనే చివరికి అందరికీ ఎక్కువ మేలు జరుగుతుందని ఉపయోగితావాదులే ఒప్పుకుంటున్నప్పుడు, రెండు పక్షాలూ ఒకే చోటికి చేరినట్లే కదా? ఇంకా తగవు దేనికి?

జవాబు: చాలా సందర్భాలలో ఒకే చోటికి చేరతాయి, అది నిజమే. ప్రతి పనినీ విడిగా తూకం వేయకుండా, ఏ నియమాన్ని అందరూ పాటిస్తే ఎక్కువ మేలో దాన్ని పాటించమనే ఉపయోగితావాదం ఒకటి ఉంది. అయితే ఒక ప్రత్యేక సందర్భంలో నియమం తప్పితేనే మేలు ఎక్కువని ఖాయంగా తెలిసినప్పుడు ఏం చేస్తారు? నియమానికే కట్టుబడితే అది గుడ్డి నియమపూజ అవుతుందని జె. జె. సి. స్మార్ట్ అనే ఉపయోగితావాదే ఎత్తిపొడిచాడు. నియమం తప్పితే, మళ్లీ మొదటికే వచ్చి ప్రతి పనినీ తూచేవాళ్లతో కలిసిపోతారు. ఆర్. ఎం. హేర్ అనే మరో ఉపయోగితావాది 1981లో దీనికి ఒక దారి చూపాడు: రోజువారీ జీవితంలో గట్టి నియమాలతో నడవాలి, నియమాలు ఢీకొన్నప్పుడో కొత్త నియమం ఎంచుకోవలసినప్పుడో మాత్రమే పూర్తి లెక్కకు దిగాలి. తెలివైన దారే. మనుషులు తమకు అనుకూలంగా లెక్క తప్పుతారని గుర్తించిన దారి.

కానీ తగవు అక్కడ తీరదు, ఎందుకంటే అసలు తేడా జవాబుల్లో లేదు, కారణాల్లో ఉంది. నిర్దోషిని ఎందుకు శిక్షించకూడదని అడిగితే ఉపయోగితావాది, జనానికి తెలిస్తే న్యాయవ్యవస్థ మీద నమ్మకం పోతుందంటాడు. తెలియకపోతే? ఎప్పటికీ తెలియదని ఖాయమైతే? ఇక్కడ హెన్రీ సిడ్జ్‌విక్‌ను నేను చాలా గౌరవిస్తాను. 1874లో ఆయన ఉపయోగితావాదాన్ని అందరికంటే నిశితంగా పరిశీలించి, బహిరంగంగా సమర్థించకూడని పనిని రహస్యంగా చేయడం కొన్ని సందర్భాలలో సరైనదే కావచ్చని, ఆ మాట ఎంత చేదుగా ఉంటుందో తెలిసీ రాశాడు. అదే విషయంపై కాంట్ 1795లో సరిగ్గా ఎదురు మాట అన్నాడు: ఇతరుల హక్కులకు సంబంధించిన ఏ పని వెనకనున్న సూత్రాన్ని బయటపెట్టలేమో ఆ పని అన్యాయం. గుట్టు నిలిచినంతకాలమే న్యాయంగా ఉండే పని ఏదైనా ఉంటుందా అన్న ఒక్క ప్రశ్న దగ్గర ఈ ఇద్దరినీ కలపడం ఎవరి తరమూ కాదు. నిర్దోషికి జరిగిన అన్యాయం నిర్దోషికే జరిగింది. అది తెలిసి జనం కలవరపడటం ఆ తర్వాతి సంగతి. ఈ ఒక్క కారణం చాలు, నేను కాంట్ పక్షాన నిలబడటానికి.

ఒక చిన్న సవరణ కూడా చేయాలి. అందరూ అలా చేస్తే ఏమవుతుందో ఆలోచించమని కాంట్ అన్నది ఫలితాల కోసమేనని మీరు ఉత్తరంలో రాశారు. అప్పు తీర్చే ఉద్దేశ్యం లేకుండా తీరుస్తానని మాట ఇచ్చేవాడి గురించి ఆయన చెప్పినది వేరు. అందరూ అలా మాట ఇచ్చే లోకం దుఃఖమయమవుతుందని ఆయన అనలేదు. ఆ లోకంలో ఎవరూ ఎవరి మాటా నమ్మరు గనుక మాట ఇవ్వడమనేదే ఉండదు, ఈ మోసానికి చోటే ఉండదు అన్నాడు. ఇతరులు పాటిస్తేనే పనిచేసే నియమం నుంచి తనను ఒక్కడినే మినహాయించుకోవడమే అందులోని తప్పు.

ప్రశ్న: ఇవన్నీ ఊహించిన కథలు. నిజంగా ఏ న్యాయస్థానమైనా ఐదుగురికోసం ఒకరిని చంపవచ్చా అన్న ప్రశ్నకు తీర్పు చెప్పవలసి వచ్చిందా?

జవాబు: వచ్చింది. 1884 జూలైలో మిగ్నోనెట్ అనే చిన్న ఓడ సముద్రం మధ్యలో మునిగి, నలుగురు నావికులు పడవలో మిగిలారు. దాదాపు ఇరవై రోజులు గడిచాక, సముద్రపు నీరు తాగి స్పృహ తప్పే స్థితిలో ఉన్న పదిహేడేళ్ల రిచర్డ్ పార్కర్‌ను ఓడ కెప్టెన్ డడ్లీ చంపాడు. స్టీఫెన్స్ దానికి ఒప్పుకున్నాడు, మూడోవాడు ఒప్పుకోలేదు, కానీ ముగ్గురూ అతని మాంసం తిని బతికారు. మరి కొద్ది రోజులకే ఒక ఓడ వాళ్లను కాపాడింది. ఒక్కరు చనిపోకపోతే నలుగురూ చనిపోయేవారన్నది వాదన. ఇంగ్లండు న్యాయస్థానం ఆ వాదనను తోసిపుచ్చి, డడ్లీ, స్టీఫెన్స్‌లను హంతకులుగా నిర్ధారించి మరణశిక్ష వేసింది. తర్వాత దాన్ని ఆరు నెలల జైలుశిక్షకు తగ్గించారు. తీర్పులో న్యాయమూర్తి అడిగిన ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు. ఎవరి ప్రాణం ఎక్కువ విలువైనదో కొలిచేది దేనితో, బలంతోనా, తెలివితోనా? ఆ పడవలో చంపడానికి ఎంపికైనవాడు అందరికంటే చిన్నవాడు, ఎదిరించే శక్తి లేనివాడు. మొత్తం మేలు పేరుతో వేసే లెక్క బలహీనుడి దగ్గరే ఆగడం కాకతాళీయమని నాకు అనిపించదు.

చంపడం ముగ్గురి ప్రాణం కోసం కాక వేలమంది కోసమైతే? 2005 జనవరిలో జర్మనీలో అమలులోకి వచ్చిన విమానయాన భద్రతా చట్టం ప్రకారం, ఉగ్రవాదులు ప్రయాణికుల విమానాన్ని ఆయుధంగా మార్చి జనం మీదికి నడిపిస్తుంటే, వేరే దారి లేనప్పుడు దాన్ని కూల్చివేయమని రక్షణమంత్రి ఆదేశించవచ్చు. 2006 ఫిబ్రవరి 15న ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టివేసింది. విమానంలోని నిర్దోషులను కూల్చివేయడమంటే, ఇతరులను కాపాడటానికి వాళ్లను వట్టి వస్తువులుగా వాడుకోవడమే, అది మనిషి గౌరవం ఉల్లంఘించరానిదన్న రాజ్యాంగంలోని మొదటి అధికరణానికి విరుద్ధం అన్నది. వాళ్లు ఎలాగూ కొన్ని నిమిషాల్లో చనిపోతారు కదా అన్న వాదననూ ఒప్పుకోలేదు; మిగిలిన ఆయుష్షు ఎంత తక్కువైనా ఆ గౌరవం తగ్గదు. విమానంలో ఉన్నది దాడి చేసేవాళ్లే అయితే మాత్రం ఈ అభ్యంతరం వర్తించదని కూడా స్పష్టం చేసింది, ఎందుకంటే వాళ్లు తాము ఎంచుకున్న పనికి ఫలితం అనుభవిస్తున్నారు.

ఈ తీర్పు చదివినప్పుడల్లా నాకు కింద ఉన్న జనం గుర్తొస్తారు. వాళ్లకూ గౌరవం ఉంది, వాళ్లూ నిర్దోషులే, తమను కాపాడలేదని రాజ్యాన్ని అడిగే హక్కు వాళ్ల కుటుంబాలకు ఉంటుంది. ఉపయోగితావాది ఈ మాట అన్నప్పుడు తల దించుకుని వినాలి. అయినా తీర్పు సరైనదనే అనుకుంటాను. రాజ్యం కాపాడలేకపోవడం ఒక వైఫల్యం; తన పౌరులను గురిచూసి చంపే అధికారాన్ని ముందుగానే చట్టంలో రాసి పెట్టుకోవడం వేరే సంగతి.

అలాగని అంకెలకు నీతిలో చోటు లేదని అనుకోవద్దు. ఒక మందు కొద్దిగానే ఉంది, ఒక రోగికి అది మొత్తం కావాలి, మరో ఐదుగురికి తలా ఐదో వంతు చాలు. ఫిలిప్పా ఫుట్ ఇచ్చిన ఈ ఉదాహరణలో ఐదుగురికి ఇవ్వడానికి నాకు ఏ సంకోచమూ లేదు, ఎందుకంటే అక్కడ ఆ ఒక్కరిని ఎవరూ వాడుకోవడం లేదు. అందరినీ కాపాడే శక్తి మనకు లేదు, అంతే. ఆ రోగి శరీరంలోంచే మందు తయారుచేయాలంటే అప్పుడు చెయ్యి ఆగాలి. ఎవరినీ వాడుకోవడం లేదని తేలిన తర్వాత లెక్క వేయడం మన బాధ్యత, అప్పుడు వేయకపోవడమే తప్పు.

ప్రశ్న: మనిషి గౌరవం అంటూ కర్తవ్యవాదులు ఇంత మాట్లాడతారు. మరి జంతువుల సంగతేమిటి?

జవాబు: ఈ ప్రశ్న దగ్గర నా పక్షం చాలాకాలం వెనకబడి ఉంది, ఒప్పుకుంటాను. 1789లోనే ఉపయోగితావాదానికి పునాది వేసిన జెరెమీ బెంథామ్, అవి ఆలోచించగలవా అన్నది ప్రశ్న కాదు, మాట్లాడగలవా అన్నదీ కాదు, బాధపడగలవా అన్నదే ప్రశ్న అని రాశాడు. ప్రతి ఒక్కరినీ ఒక్కరుగానే లెక్కించాలి, ఎవరినీ ఒక్కరికంటే ఎక్కువగా లెక్కించకూడదన్నది ఆయన సూత్రమని మిల్ చెబుతాడు. ఆ ఒక్కరు అన్న మాటను రెండు కాళ్ల దగ్గర ఆపకపోవడం బెంథామ్ గొప్పతనం. అదే కాలంలో కాంట్, జంతువును హింసించడం తప్పేనన్నా, కారణం మాత్రం అలా చేస్తే మనిషిలో కరుణ మొద్దుబారి సాటి మనుషుల పట్ల కూడా క్రూరుడవుతాడని చెప్పాడు. కొరడా దెబ్బ తిన్నది గుర్రమైతే, తప్పు జరిగింది మనిషికంట!

దీన్ని కాంట్ పద్ధతిలోనే సరిదిద్దవచ్చని అమెరికన్ తత్వవేత్త క్రిస్టీన్ కోర్స్‌గార్డ్ 2018లో వాదించారు. మన నొప్పి, మన ఆకలి ఇతరులు పట్టించుకోవలసిన విషయాలని మనం కోరుతున్నప్పుడు, ఆ కోరిక మనలోని తర్కబుద్ధి తరఫునే కాదు, నొప్పి తెలిసిన ప్రాణి తరఫున కూడా చేస్తున్నాం. అటువంటప్పుడు అదే నొప్పి తెలిసిన మరో ప్రాణిని కాదనడానికి మనకు ఆధారం లేదన్నది ఆమె వాదన సారం. బెంథామ్ ఒక్క వాక్యంలో చేరిన చోటికి కర్తవ్యవాదం చేరడానికి రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది.